కీలు దగ్గరే తేలిపోతుంది: నిర్భీక్, ప్రబల్ రివాల్వర్ల పనితనం

రివాల్వర్ పనితనం తెలియాలంటే దాని మెరుపు చూడకూడదు, అది తెరుచుకునే చోటు చూడాలి. తూటాలు పెట్టడానికీ, కాల్చిన డొల్లలు తీయడానికీ ప్రతి రివాల్వరూ ఎక్కడో ఒకచోట విచ్చుకోక తప్పదు. మళ్ళీ మూశాక అక్కడ అసలు అతుకే లేదన్నంత బిగువుగా కూర్చోవాలి. తూటా పేలిన ప్రతిసారీ ఆ ఒత్తిడి ముందుగా పరీక్షించేది ఆ చోటునే. ఫిట్టరు చెయ్యి ఎలాంటిదో అక్కడే తేలిపోతుంది.

కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ చేసిన రెండు చిన్న రివాల్వర్లూ సరిగ్గా ఈ విషయంలోనే ఎదురెదురు. 2014 జనవరిలో వచ్చిన నిర్భీక్ నడుము దగ్గర మడుచుకుంటుంది. 2023 ఆగస్టు 18న విడుదలైన ప్రబల్ నడుము మడవదు, దాని సిలిండర్ పక్కకు వస్తుంది. రెండూ .32 బోరే. రెండూ చొక్కా కిందో, చేతిసంచీలోనో ఒదిగిపోయేవే. ఒకటి అర కిలో, ఇంకొకటి ముప్పావు కిలోకి కాస్త తక్కువ. టూల్‌రూమ్ పనిలో బతుకు గడిపిన నాలాంటివాడికి తుపాకీ మోజు కన్నా ఫిట్టింగు మోజే ఎక్కువ. లైసెన్స్ ఉన్న మా బావగారు కొనే ముందు తోడు రమ్మంటే వెళ్ళి, దుకాణంలో ఈ రెంటినీ తిప్పి తిప్పి చూశాను. ఇంటికొచ్చాక కూడా ఆ రెండు కీళ్ళే మనసులో తిరిగాయి.

అసలు ఈ .32 గొడవేమిటో ముందు చెప్పుకోవాలి. బయటి దేశాల్లో చొక్కా కింద దాచుకునే తుపాకీ అంటే ఇప్పుడు 9 ఎంఎం బుల్లి పిస్తోలే. అక్కడి పోటీ అంతా అందులోనే. మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోరు. .38, .455 కూడా అంతే. సైన్యం, పోలీసులు వాడే తూటా మామూలు మనిషి తుపాకీలో పట్టకూడదన్నది బ్రిటిష్‌వాళ్ళ నాటి ఆలోచన, అదే 1959 ఆయుధాల చట్టం కిందికీ వచ్చింది. కాబట్టి లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరుకైనా, నగదు తీసుకెళ్ళే వ్యాపారికైనా, విశాఖ కమిషనరేట్ పరిధిలో ఉన్న మా దువ్వాడలోనైనా, కాన్పూర్‌లోనైనా మిగిలేది .32 లాంటి చిన్న బోర్లే. ఇక దాచుకుని మోయడం ఇక్కడ ఇష్టాయిష్టాల సంగతి కాదు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బయటికి తెచ్చిన చేతి తుపాకీ ఒరలోనో సంచీలోనో పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. పెళ్ళి ఊరేగింపుల్లో పైకెత్తి ఊపడం నేరం. తుపాకీ కనిపించకపోవడమే మర్యాద అని చట్టమే చెప్పిందన్నమాట. అది నాకు చాలా నచ్చిన నియమం.

ఆ తూటాకూ ఒక కథ ఉంది. .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ అనే ఈ తూటా 1896లో అమెరికాలో పుట్టింది. ఏ తుపాకీ కోసం పుట్టిందో గమనించండి: స్మిత్ అండ్ వెసన్ కంపెనీ చేసిన మొట్టమొదటి పక్కకు తెరుచుకునే సిలిండర్ రివాల్వర్ కోసం. అంతకుముందు ఆ కంపెనీకి పేరు తెచ్చింది నడుము మడిచే రివాల్వర్లే. 1870లో వచ్చిన మోడల్ 3 వాటిలో పెద్దది. 1889లో కోల్ట్ కంపెనీ సిలిండర్‌ను పక్కకు తిప్పింది, అమెరికా నౌకాదళం దాన్ని తీసుకుంది, స్మిత్ అండ్ వెసన్ కూడా దారి మార్చుకుంది. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ వెబ్లీ వాళ్ళు మాత్రం మడిచే పద్ధతిని వదల్లేదు. 1887లో బ్రిటిష్ సైన్యంలో చేరిన వెబ్లీ ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది, వలస దేశాల పోలీసుల నడుముల మీదికీ ఎక్కింది. మన కాన్పూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం .32 రివాల్వర్ చేయాలనుకున్నప్పుడు చేతికి అలవాటైన వెబ్లీ నమూనానే తీసుకుంది. అలా అమెరికా తూటా ఇంగ్లండ్ శరీరంలో చేరింది. మార్క్ 3 అన్న ఆ పాత .32 రివాల్వర్ గొట్టం మూడు అంగుళాలు, మొత్తం పొడవు 177.8 మిల్లీమీటర్లు, బరువు 700 గ్రాములు. నిర్భీక్ ఆ ఇంటి బిడ్డే.

నిర్భీక్ ఎడమవైపు, హ్యామర్ పక్కన బొటనవేలికి అందేలా ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే పైనున్న గొళ్ళెం వెనక్కి జరుగుతుంది. గొట్టం, సిలిండర్ కలిసి ముందుకు వంగుతాయి, అడకత్తెర విప్పినట్టు. వంగుతూ వంగుతూ ఉండగానే సిలిండర్ నడిమి నుంచి నక్షత్రం ఆకారంలో ఒక పలక పైకి లేస్తుంది. దాని అంచులు ఆరు తూటాల అడుగు చుట్లను ఒకేసారి పట్టి పైకి లాగుతాయి. ఇంకాస్త వంచితే ఆ పలక టప్పున కిందికి జారి మళ్ళీ తన గూట్లో కూర్చుంటుంది. కాల్చిన డొల్లలు బయట పడిపోయి ఉంటాయి. ఒక్క కదలికలో తెరవడం, ఖాళీ చేయడం రెండూ జరుగుతాయి. దీనంతటికీ కారణం కీలు దగ్గరున్న ఒక చిన్న క్యామ్ ముక్క. పలక ఎంత ఎత్తు లేవాలి, ఏ క్షణాన వదిలేయాలి అన్నది దాని వంపు నిర్ణయిస్తుంది. ఆ వంపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా డొల్లలు సగం బయటికి, సగం లోపలికి ఇరుక్కుంటాయి. ఇంత ఇబ్బంది పడి ఇంత చిన్న చోట ఇంత పని ఇరికించిన మొదటి మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది.

మరి ఆ పైనున్న గొళ్ళెం? వెబ్లీ పద్ధతిలో గురి చూసే వెనుక గాడి ఆ గొళ్ళెం మీదే ఉంటుంది. ముందు గురి గొట్టం మీద, వెనుక గురి గొళ్ళెం మీద. అంటే గొళ్ళెం అరిగి కొంచెం లొడలొడలాడినా తుపాకీ మూత వదులు కావడమే కాదు, గురి కూడా ఆ మేరకు కదులుతుంది. గొళ్ళేనికి ఒకటే పనైతే ఫర్వాలేదు. మూయడం, ఒత్తిడి ఆపడం, గురి చూపడం మూడూ దాని మీదే పడ్డాయి. అందుకే ఈ తరహా రివాల్వర్ చేతికి రాగానే నేను చేసే మొదటి పని: ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, మూసి, గొట్టాన్ని ఒక చేత్తో, పిడిని ఇంకో చేత్తో పట్టుకుని మెల్లిగా పైకీ కిందికీ ఆడించి చూడటం. నేను చూసిన నిర్భీక్‌లో గొట్టం కదల్లేదు. వేలి గోటితో అతుకు మీద గీసి చూశాను. గోరు ఆగలేదు. ఉలుకూ పలుకూ లేదు.

ఇప్పుడు అసలు విశేషానికి వస్తాను. నిర్భీక్ దేహం టైటానియం మిశ్రమలోహం. ఉక్కుతో చేసిన పాత మార్క్ 3 బరువు 700 గ్రాములైతే ఇది 500 గ్రాములు. ఘనపు సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాముల పైన తూగితే టైటానియం 4.5 గ్రాములే. బరువు తగ్గించడం లోహం మార్చినంత తేలిక అనుకుంటే పొరపాటు. టైటానియం కోతకు లొంగే లోహం కాదు. కోతలో పుట్టిన వేడి ఉక్కులోనైతే ముక్కలోకీ, తురుములోకీ పాకి చల్లారుతుంది. టైటానియం వేడిని బయటికి పోనివ్వదు, అదంతా టూలు మొన దగ్గరే పోగవుతుంది. టూలు త్వరగా చస్తుంది. వేగం తగ్గించాలి, మొన పదునుగా ఉండాలి, కూలెంట్ ధారగా పోస్తూనే ఉండాలి. సన్నని తురుము పోగై నిప్పు అంటుకుంటే నీళ్ళతో ఆర్పలేం. ఇంకో చిక్కు: ఉక్కుతో పోలిస్తే దీని బిగువు దాదాపు సగమే, కాబట్టి టూలు తగిలిన ఒత్తిడికి పలుచటి గోడ పక్కకు వంగి, టూలు పోగానే వెనక్కి లేస్తుంది. కొలత తప్పుతుంది. ఇది కాక టైటానియం మీద టైటానియం రాసుకుంటే రెండూ ఒకదాన్నొకటి పీక్కుంటాయి. కీలు పిన్ను, గొళ్ళెం, క్యామ్ లాంటి రాపిడి చోట్లలో ఏ లోహం పక్కన ఏ లోహం పెట్టాలో తెలిసి ఉండాలి. మా గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద చెయ్యి తిరిగిన వాళ్ళను అడగండి, ఉక్కు ముక్క మీద పది నిమిషాల్లో చేసే పని టైటానియం మీద ఎంతసేపు పడుతుందో చెప్తారు.

దువ్వాడ వాళ్ళకు ఉక్కు కొత్త కాదు. మా ఊరి పొలిమేరలోనే స్టీల్‌ప్లాంట్ ఉంది, ఉక్కు గురించి ఇక్కడ పిల్లలు కూడా మాట్లాడతారు. టైటానియం మాత్రం దూరపు సంగతి అనుకుంటాం. కానీ మన తీరంలోనే ఆ లోహం పునాది ఉంది. భీమిలి ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మెనైట్‌లో ఉన్నది టైటానియమే. ఆ ఖనిజాన్ని స్పంజి లోహంగా మార్చే పద్ధతిని మన దేశంలో తయారు చేసింది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్. దాని ఆధారంగానే కేరళలోని చవరాలో ప్లాంట్ పెట్టారు. స్పంజిని కరిగించి మిశ్రమలోహాలు పోసే ప్రభుత్వ సంస్థ మిధాని ఉన్నది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో. అంటే భీమిలి బీచ్‌లో కాళ్ళకు అంటుకునే నల్లటి ఇసుక నుంచి చేతి తుపాకీ వరకు ఉన్న దారిలో సగం తెలుగు నేల మీదే పడుతుంది. ఆ దారి ఎంత కష్టమైందో తెలిస్తే నిర్భీక్‌ను చూసే తీరు మారుతుంది.

అది వచ్చినప్పుడు గొడవ జరిగింది. 2012 ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత, ఆడవాళ్ళ కోసం అని ప్రకటించి, ఆ బాధితురాలిని పిలిచిన నిర్భయ అన్న పేరు గుర్తుకు వచ్చేలా పేరు పెట్టి, మెరూన్ రంగు నగల పెట్టె లాంటి పెట్టెలో పెట్టి లక్షా ఇరవై రెండు వేల రూపాయల పైచిలుకు ధర కట్టారు. లైసెన్స్ దొరకడమే గగనం అయిన దేశంలో, అంత డబ్బు ఏ ఉద్యోగిని పెట్టగలదని అడిగిన వాళ్ళది సరైన ప్రశ్న. ఆడపిల్ల భద్రత తుపాకీ మీద పెట్టకూడదన్న వాళ్ళతో నేనూ ఏకీభవిస్తాను. కానీ ఆ గొడవలో ఒక నష్టం జరిగింది. దాన్ని చేసిన ఫిట్టర్ల పని గురించి ఎవరూ మాట్లాడలేదు. పెట్టె మీద చర్చ జరిగింది, కీలు మీద జరగలేదు.

ఇక ప్రబల్. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడిపోయింది. వాటిలో కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా దీన్ని తెచ్చింది. గొట్టం 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 177.6, తూటాలు లేకుండా బరువు 700 గ్రాములు. ఈ అంకెలు చూస్తే పాత మార్క్ 3 తిరిగొచ్చినట్టే ఉంటుంది. లోపల మాత్రం దానికీ దీనికీ పోలిక లేదు. మడిచే కీలు పోయింది. గొట్టం నుంచి పిడి దాకా ఫ్రేమ్ ఒకటే ముక్క, సిలిండర్ కోసం మధ్యలో కిటికీ. సిలిండర్ ఒక చేతిపై కూర్చుని ఎడమ పక్కకు బయటికి వస్తుంది. డొల్లలు వాటంతటవే రావు, ముందున్న కడ్డీని అరచేత్తో నొక్కాలి. 1896లో ఏ పద్ధతి కోసం .32 తూటా పుట్టిందో, ఆ పద్ధతిలోకి అది భారతదేశపు ఫ్యాక్టరీలో నూటపాతికేళ్ళ తర్వాత చేరింది.

పనితనం ఎక్కడికి పోయింది మరి? కీలు పోతే అది కూడా పోయిందా? పోలేదు, చోటు మారింది. నిర్భీక్‌లో కష్టం గొళ్ళెం దగ్గర. ప్రబల్‌లో కష్టం సిలిండర్ చేయి దగ్గర. ఆ చేయి తిరిగే పిన్ను ఫ్రేమ్‌లో ఒక సన్నని రంధ్రంలో కూర్చుంటుంది. ఆ రంధ్రం కొద్దిగా వంకర పోతే సిలిండర్ మూసినప్పుడు గొట్టానికి సరిగ్గా ఎదురు రాదు. తూటా సిలిండర్ నుంచి గొట్టంలోకి దూకేటప్పుడు అంచుకు రాసుకుంటుంది, సీసం గీకి పక్కలకు చిమ్ముతుంది. నేను కౌంటరు మీద చేసినది ఇదీ. ఖాళీ ప్రబల్‌ను దీపానికి ఎదురుగా పట్టుకుని, సిలిండర్ ముందు అంచుకూ గొట్టం వెనుక అంచుకూ మధ్య సందును చూశాను. సన్నని వెలుగు గీత, పైనా కిందా ఒకే వెడల్పు. సిలిండర్‌ను ఒక్కో గది తిప్పుతూ ప్రతి గదిలోనూ అదే చూశాను. ఒకచోట వెడల్పై, ఇంకోచోట సన్నబడితే సిలిండర్ ముఖం వంకరగా కోసినట్టు. అలా లేదు. తర్వాత ట్రిగ్గర్‌ను చాలా నెమ్మదిగా లాగాను. లోపల ఒక చిన్న చేయి సిలిండర్ వెనుక పళ్ళను నెట్టి తిప్పుతుంది, కింద నుంచి ఒక గుబ్బ లేచి సిలిండర్ మీది గాడిలో పడి దాన్ని ఆపుతుంది. హ్యామర్ వదిలే ముందే ఆ గుబ్బ పడాలి. వేగంగా లాగితే వేగమే సిలిండర్‌ను గాడిదాకా తీసుకెళ్తుంది, తప్పు కనపడదు. నెమ్మదిగా లాగితేనే బండారం బయటపడుతుంది. ఇక్కడ ముందు టిక్కుమని గుబ్బ పడింది, ఆ తర్వాతే హ్యామర్ పడింది. ఆరు గదుల్లోనూ అదే వరస. ట్రిగ్గర్ తేలిగ్గా లాగవచ్చని కంపెనీ చెప్పుకున్నది, చూసిన మేరకు నిజమే.

కంపెనీ మరీ గొప్పగా చెప్పుకున్నది దూరం. నిర్భీక్‌కు 15 మీటర్లు చెప్పారు, ప్రబల్‌కు 50 మీటర్లు. ఇది నా దృష్టిలో పెద్ద విషయం కాదు. తూటా ఒకటే, గొట్టాలు రెండూ మూడంగుళాల కొలతే. తూటా వెళ్ళే దూరం మారదు, మారేది గురి నిలకడ. ఒకే ముక్క ఫ్రేమ్ మీద రెండు గురులూ కదలకుండా ఉండటం, ట్రిగ్గర్ చేతిని లాగేయకపోవడం వల్ల వచ్చిన తేడా అది. నడుముకు దాచుకున్న చిన్న రివాల్వర్‌తో యాభై మీటర్ల అవసరం ఏ పౌరుడికీ రాకూడదు. ఆ అంకెను ప్రకటనలో పెట్టకుండా, ఫ్రేమ్ గట్టిదనాన్ని పెట్టి ఉంటే కొనేవాడికి ఎక్కువ పనికొచ్చేది.

బరువు దగ్గర మాత్రం లెక్క తప్పించుకోలేం. రోజంతా మోసేవాడికి అర కిలో రివాల్వర్ హాయి. కాల్చేవాడికి కాదు. వెనక్కి తన్నే బలం తూటా ఇచ్చినదే, అది రెండిటిలోనూ ఒకటే. తేలిక తుపాకీ ఆ తన్నుకు ఎక్కువ వేగంతో వెనక్కి వస్తుంది. తూటాల బరువు కలుపుకుని లెక్కేసినా నిర్భీక్ చేతికిచ్చే దెబ్బ శక్తి ప్రబల్ కన్నా మూడో వంతుకు పైనే ఎక్కువ. .32 మెత్తని తూటా కాబట్టి అది భరించరానిదేం కాదు, కానీ అరుదుగా అభ్యాసం చేసే చెయ్యి మొదటి గుండుకే ఉలిక్కిపడితే రెండోది ఎటు పోతుందో చెప్పలేం. ఆడవాళ్ళ కోసమని తేలిక చేయడంలో ఈ లెక్క మరచిపోయారని నా అభిప్రాయం. తేలిగ్గా మోయగలిగేది తేలిగ్గా కాల్చగలిగేది కాదు.

మరి దువ్వాడలో? ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. గంగవరం, అప్పికొండ సముద్రం దగ్గరే. ఉప్పుగాలి కిటికీ చువ్వల్నీ సైకిల్ చైన్లనూ వదలదు, ఒంటి మీద ఒరలో ఉన్న ఉక్కును అసలే వదలదు. చెమట, ఉప్పు, స్టీల్‌ప్లాంట్ దుమ్ము మూడూ కలిస్తే ప్రబల్ ఒంటి మీద నూనె తడి ఆరకుండా చూసుకోవాల్సిందే. ముఖ్యంగా సిలిండర్ చేయి పిన్ను దగ్గర, ఎజెక్టర్ కడ్డీ స్ప్రింగు దగ్గర. అక్కడ తుప్పు పట్టడం మొదలైతే పక్కకు తిరిగే సిలిండర్ తిరగడం మానేస్తుంది. టైటానియానికి ఈ బాధ లేదు. తన మీద తానే పలుచటి ఆక్సైడ్ పొర వేసుకుంటుంది, ఉప్పు నీళ్ళు దాన్ని ఏమీ చేయలేవు. తీరంలో ఉండేవాడు నిర్భీక్ బరువు తగ్గిందని కొనడు, తుప్పు పట్టదని కొంటాడు. బావగారికి నేను అది గట్టిగా చెప్పాను. ఆయన నవ్వి, "నూనె రాసే ఓపిక నాకుందయ్యా, చేతికి దెబ్బ తగిలే ఓపిక లేదు" అన్నారు. ప్రబలే తీసుకున్నారు.

అది సరైన ఎంపికే. ఏడాదిలో ఎన్నడో ఒకసారి రేంజ్‌కి వెళ్ళి, మిగతా రోజులు అల్మారాలో తాళం వేసి పెట్టే మనిషికి ప్రబల్ ఫ్రేమ్ గట్టిదనం, నెమ్మది తన్ను రెండూ కావాలి. కీలు అరగదు, గురి కదలదు. కానీ కేవలం పనితనం కోసం ఒకటి ఎంచుకోమంటే నేను నిర్భీక్ వైపే ఉంటాను. లొంగని లోహంలో, మూడు పనులు చేసే గొళ్ళెం పెట్టి, అతుకు గోటికి తగలకుండా మూయగలిగారు. ప్రబల్ రూపకల్పన తెలివైనది, నిర్భీక్ చెయ్యి గొప్పది.

కాన్పూర్ ఫ్యాక్టరీని నేను అడిగేది ఒకటుంది. టైటానియం కోయడం వాళ్ళకు వచ్చు, పక్కకు తిరిగే సిలిండర్‌ను ఆరు గదుల్లోనూ వరస తప్పకుండా కూర్చోబెట్టడమూ వచ్చు. ప్రబల్ ఒకే ముక్క ఫ్రేమ్‌ను ఆ టైటానియంలో చేసి, గొట్టం, సిలిండర్ మాత్రం ఉక్కువే ఉంచి, మొత్తం అరకిలోకి పైన, ఆరు వందల గ్రాముల లోపు ఆపితే చాలు. తుప్పు తక్కువ పట్టే, కీలు అరగని, చేతిని మరీ తన్నని .32 అవుతుంది. తీరప్రాంతపు లైసెన్స్‌దారులకు అది నప్పుతుంది. అది బయటికి వచ్చిన రోజున మళ్ళీ దీపం ఎదుట పట్టుకుని సిలిండర్ సందు చూడటానికి నేను సిద్ధంగా ఉన్నాను.